పెరటి టమాటాకు ఆకుమచ్చ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ సభలో నన్ను ప్రాచీన కావ్యములను గూర్చి ప్రసంగింపుమని మిత్రులు కోరిరి. నేను ఏ కళాశాలలోను సాహిత్యము చదివినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బీరువాలనుండి కొనిపోయిన పుస్తకములను నిఘంటువు సాయముతో చదివి, తోచినంత గ్రహించినవాడను. అట్టివాడు పండితుల సొత్తైన విషయమున వేలు పెట్టుటకంటె, తన పెరటిలో తాను చెడగొట్టుకొని నేర్చుకొనిన సంగతి యొకటి చెప్పుట మేలని తలచితిని. అది టమాటా మొక్కలకు వచ్చు ఆకుమచ్చ తెగులు.

గ్రంథాలయ సభలో టమాటా ప్రస్తావన ఏమని నవ్వుకొనవలదు. మన పూర్వులు తాటియాకులపై వ్రాసిరి. పత్రమనగా చెట్టు ఆకును, వ్రాసిన కాగితమును గూడ. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు మన ప్రాంతపు జనులకు చదువ నేర్పవలెనని తపించిరి. పుస్తకపు ఆకును చదువ నేర్చిన ఊరు చెట్టు ఆకును గూడ చదువ నేర్వవలదా? నేను మొదటిది కొంత నేర్చి, రెండవదానిని ఉపేక్షించి నష్టపడితిని. ఆ కథయే ముందుగా మనవి చేసెదను.

కొన్ని ఏండ్ల క్రిందట మా యింటి ఇల్లాలు పెరటిలో 14 టమాటా మొక్కలు నాటినది. నారు తానే పోసి, ఎండకు కొబ్బరి మట్టలు కప్పి, బిడ్డలను పెంచినట్లు పెంచినది. అంతలో మా పెద్దమ్మాయికి పురుటి దినములు దగ్గరపడగా, ఆమె వెళ్లి రెండు నెలలు అచటనే ఉండవలసి వచ్చినది. వెళ్లునపుడు నాకు చెప్పినది ఒక్కటే: “నీళ్లు మొదట్లోనే పోయండి.”

నాకు అది చిన్న మాటగా తోచినది. చెంబుతో మొక్కమొక్కకు వంగి పోయు ఓపిక లేక, గొట్టము పట్టి సాయంకాలము పొద్దు క్రుంకిన పిమ్మట మొక్కల తలలపై నీరు చిమ్ముచుంటిని. ఆకులు తళతళలాడుచుండగా నా సేవకు నేనే మురిసితిని. కార్తిక పౌర్ణమి నాటి ఉదయము చూతును గదా, మొక్కల నడిమి ఆకులనిండ నల్లని మచ్చలు! ఆకులు పసుపువారి వ్రేలాడుచున్నవి. నిన్న పచ్చగానున్న మడికి రాత్రికి రాత్రి ఏదో దృష్టి తగిలినదని తలచితిని.

ఆ పిమ్మట చేసిన పనులను వరుసగా ఒప్పుకొందును. బలము చాలలేదేమో యని గుప్పెడు యూరియా చల్లితిని. ఒక దుకాణమునకు పోయి, ఆకునైనను చూపక, అన్నిటికంటె ఘాటైన మందు ఇమ్మంటిని. వారిచ్చినది పురుగుల మందు; నా మొక్కలకు పట్టినది పురుగు కాదు. మచ్చలు కడిగిన పోవునేమో యని నీరు మరింత చిమ్మితిని. ఆ దినములలోనే నేను రాత్రులందు పోతనగారి దశమస్కంధము చదువుచుంటిని. అందు శ్రీకృష్ణుడు తోడి గోపకులకు చెట్లను చూపి, అవి ఎండకు వానకు తామోర్చి ఇతరులకు మేలు చేయు తీరును మెచ్చుకొను ఘట్టము కలదు. దానిని చదివి కన్నులు చెమర్చినవాడను, గోడకు ఆవల నా మూలమున ఎండుచున్న మొక్కలను ఎరుగనైతిని.

మా వీధిలో కూరగాయలు పండించి అమ్ము వృద్ధురాలు ఒకనాడు కాగితము వ్రాయించుకొనుటకు వచ్చి, పెరటివంక చూచి అన్నది: “కింది ఆకు ఎన్నడన్న చూసినవా పంతులూ? మీది ఆకు ఇయ్యాల చెప్పింది, కింది ఆకు దీపావళి నాడే చెప్పింది.”

నేను వంగి చూచితిని. నేలకు తగులుచున్న ఆకులు ఎప్పుడో మాడి, మన్నుతో కలిసి యుండెను. కొన్ని కాడలకు గూడ మచ్చలు పాకియుండెను. ఐనవోలు మల్లన్న జాతర నాటికి 14 మొక్కలలో మిగిలినది ఒక్కటియు లేదు. సంక్రాంతికి ఇల్లాలు తిరిగి వచ్చి, నన్నొక్క మాటయు అనక, ఎండిన మొక్కలను పెరికి ఊతకర్రలను కట్టగట్టి మూలకు చేర్చినది. తిట్టినను ఇంత బాధ కలుగకపోయెడిది.

సోదరులారా, నేను నేటి దినమున చెప్పదలచిన మాట అంతయు ఆ వృద్ధురాలి మాటలోనే కలదు. ఆకుమచ్చ హఠాత్తుగా వచ్చినట్లు కనబడును, హఠాత్తుగా రాదు. లెక్కలు వ్రాయువారికి ఇది తెలిసిన సంగతియే. ఫాల్గుణమున జమాఖర్చులు సరిపోక తల పట్టుకొందుము. వెదకి చూడగా తప్పు చైత్రమాసపు చిట్టాలో పడియుండును. తప్పు పడిన దినము వేరు, బయటపడిన దినము వేరు. తెగులు విషయమునను అంతే.

ఈ తెగులు కలుగు విధము వినుడు. టమాటా ఆకులపై మచ్చలు పుట్టించు వానిలో శిలీంధ్రములు ముఖ్యములు. ఇవి బూజు జాతివి. వీని సిద్ధబీజములు కంటికి ఆనవు. ముందటి పంట ఆకులు, కాడలు మడిలో కుళ్లక మిగిలినచో వానిలో దాగియుండును. కొన్నియెడల విత్తనముతోనే వచ్చును. వాన చినుకో, మనము చిమ్మిన నీరో నేలపై పడి చిందినపుడు ఆ చిందు నేలకు దగ్గరనున్న ఆకులకు తగులును. ఆకు కొన్ని గంటలు తడిగానుండి, గాలి వెచ్చగా, ఇంచుమించు 24 మొదలు 29 డిగ్రీల వరకు ఉండెనా, సిద్ధబీజము మొలకెత్తి ఆకులోనికి చొచ్చును. కొన్ని దినములకు గాని మచ్చ కనబడదు. ఆ మచ్చనుండి మరల సిద్ధబీజములు లేచి గాలికి, నీటికి పై ఆకులను చేరును. అనగా మనము పై ఆకున మచ్చను చూచునాటికి తెగులు రెండు మూడు తరములు పెరిగియున్నదని అర్థము. నేను సాయంకాలము నీరు చిమ్మి, రాత్రియంతయు ఆకులను తడిగా ఉంచితిని. శత్రువునకు నేనే పీట వేసితిని.

ఇక మచ్చలన్నియు ఒక్కటి కావు. వానిని వేరువేరుగా గుర్తించుట మొదటి పని.

మొదటిది ఆకుమాడు తెగులు. దీనిని కలిగించు శిలీంధ్రము పేరు ఆల్టర్నేరియా. ముదురు ఆకులపై ముందుగా వచ్చును. గోధుమవన్నె మచ్చలో ఒకదానిలో ఒకటిగా వలయములుండును. చెరువులో రాయి వేసిన లేచు అలలవలె ఉండును. మచ్చ చుట్టు ఆకు పసుపువారును. కాడపైనను, కాయ తొడిమ దగ్గరను నల్లగా క్రుంగిన మచ్చలు పడును. నా మడిని కాల్చినది ఇదియే.

రెండవది సెప్టోరియా ఆకుమచ్చ. ఈ మచ్చలు చిన్నవి, గుండ్రనివి, లెక్కకు మిక్కిలివి. అంచు ముదురురంగు, నడుమ బూడిదరంగు. నిదానించి చూచిన, భూతద్దమున్న మరియు మేలు, ఆ బూడిదరంగులో సూదిమొనవంటి నల్లని చుక్కలు కనబడును. కాయకు సామాన్యముగా రాదు.

మూడవది బాక్టీరియా వలన కలుగునది. మచ్చలు చిన్నవై, నూనె అంటినట్లు తడిగా కనబడి నల్లబడును, వలయములుండవు. కాయలపై గజ్జి పొక్కులవంటివి లేచును.

వీనికి తోడు మరి రెంటిని గూడ ఎరిగియుండవలెను. చల్లని, తేమగల వాతావరణమున పెద్ద పెద్ద తడిమచ్చలు పడి, ఆకు అడుగున తెల్లని బూజు కనబడి, కొద్దిదినములలోనే మొక్క కుళ్లిపోవు తెగులొకటి కలదు. 1845లో ఐర్లండు దేశపు బంగాళాదుంప పంటను నాశనము చేసి, ఇంచుమించు పది లక్షలమంది మరణించిన కరవునకు మూలమైనది ఈ తెగులే. బంగాళాదుంపయు టమాటాయు ఒకే కుటుంబపు మొక్కలు. రెండవది ఆకుముడత. ఇందు మచ్చ యుండదు. ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారును. దీనిని తెల్లదోమ మోసికొని వచ్చును. మచ్చ మందులు దీనికి పనిచేయవు. అట్టి మొక్కను ముందుగానే పెరికివేయుట మేలు.

గుర్తించిన పిమ్మట చికిత్స. ఇచ్చట మీకు ఒక పాత పుస్తకమును జ్ఞాపకము చేసెదను. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో వృక్షాయుర్వేదమను అధ్యాయము కలదు. చలి, గాలి, ఎండల వలన చెట్లకు రోగము కలుగుననియు, ఆకు పాలిపోవుట, చిగురు ఎదుగకుండుట, కొమ్మ ఎండుట, రసము కారుట దాని గుర్తులనియు ఆయన చెప్పెను. సిద్ధబీజముల సంగతి ఆ కాలమున తెలియదు. కాని చికిత్స చెప్పునపుడు ఆయన మొదట మందు పేరెత్తలేదు. మొదట కత్తితో చెడిన భాగమును తీసివేయుమనెను. పూతలు, తడుపుటలు ఆ పిమ్మటి మాట. ఈ క్రమము నేటికిని సరియైనదే. నేను ఆ గ్రంథమును మొక్కలు పోయిన పిమ్మట చదివితిని. ముందు చదివినను కింది ఆకును చూడనివానికి అది ఏమి ఉపకరించును?

కావున ఇట్లు చేయుడు. మంచు ఆరిన పిమ్మట, ఆకులు పొడిగానున్నపుడు, మచ్చపడిన కింది ఆకులను శుభ్రమైన కత్తెరతో తీయుడు. తడి ఆకులను ముట్టినచో చేతులే తెగులును మోసికొనిపోవును. ఒక మొక్కకు ఒకేసారి మూడవవంతుకంటె ఎక్కువ ఆకులు తీయరాదు. ఆకు లేనిదే మొక్కకు ఆహారము లేదు. తీసినవానిని మడిలో గాని, ఎరువు గుంతలో గాని వేయక, దూరముగా గొయ్యి తీసి పూడ్చుడు. పిమ్మట చేతులను, కత్తెరను సబ్బుతో కడుగుడు. ఆరోగ్యముగానున్న మొక్కలను ముందు చూచి, తెగులు మొక్కల దగ్గరకు కడపట పొండు.

నీరు ఉదయము పూట, మొదట్లోనే పోయవలెను. ఇల్లాలు చెప్పిన మాటకు శాస్త్రము ఇంతకంటె చేర్చినది లేదు. మొక్క చుట్టు నేలపై వరిగడ్డి పరచినచో మన్ను చిందదు, తేమ నిలుచును. మన యిండ్లలో వరిగడ్డికి కొదువ లేదు. ప్రతి మొక్కకు కర్ర నాటి, మెత్తని గుడ్డపేలికతో కట్టి నిలబెట్టుడు. మొక్కకు మొక్కకు నడుమ రెండడుగుల యెడముండిన గాలి యాడి ఆకు త్వరగా ఆరును. యూరియా అతిగా వేసిన ఆకు గుబురై గాలి చొరదు. మాగిన పశువుల ఎరువు మేలు.

తెగులు కొద్దిగానున్నపుడు పెరటి మొక్కలకు ఈ మాత్రము చాలును. ముసురు పట్టి తెగులు పైకి ప్రాకుచున్నచో అపుడు మందు. అందు పురాతనమైనది బోర్డో మిశ్రమము. దీని పుట్టుక ముచ్చటైనది. ఫ్రాన్సు దేశమున బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల యజమానులు, బాటసారులు పండ్లు కోసికొనకుండ, బాట ప్రక్కనున్న తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లుచుండిరి. 1882లో మిల్లార్డే యను వృక్షశాస్త్రాచార్యుడు ఆ త్రోవను పోవుచు, తోటంతయు బూజు తెగులుతో ఆకు రాల్చుచుండగా బాట ప్రక్క తీగలు మాత్రము పచ్చగానుండుట చూచెను. పరిశోధనలు చేసి 1885లో ఆ మందును లోకమునకు వెల్లడించెను. దొంగలకై వేసిన మందు తెగులును ఆపినది. త్రోవను పోవువారెందరో ఉందురు. ఆకును చూచి ఏల యని అడిగినవాడు ఆయన.

దానిని చేయు విధము: పది లీటర్ల మందునకు 100 గ్రాముల మైలుతుత్తము, 100 గ్రాముల మంచి సున్నము. ప్లాస్టికు పాత్రలలోనో, మట్టి పాత్రలలోనో వీనిని ఐదేసి లీటర్ల నీటిలో వేరువేరుగా కరిగించి, మైలుతుత్తపు నీటిని సున్నపు నీటిలో పోయుచు కలుపవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. తయారైన మందులో మెరుగుగల ఇనుప కత్తిని కొంతసేపు ముంచి తీయుడు. దానిపై రాగివన్నె పూత పట్టినచో సున్నము చాలలేదు, ఇంకను కలుపవలెను. వడగట్టి ఆనాడే వాడవలెను. లేత మొక్కలకు సగము బలము చాలును. ఎండ తీవ్రతలో కొట్టరాదు. ముందు ఒక మొక్కపై కొట్టి చూచుట మంచిది. ఇంత శ్రమ వలదన్నచో అంగడిలో దొరకు కాపర్ ఆక్సీక్లోరైడును లీటరు నీటికి 3 గ్రాములు కలిపి వాడవచ్చును. శిలీంధ్రపు మచ్చలకు మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు వాడుటయు కలదు. ఆకు అడుగు భాగము గూడ తడియవలెను. మచ్చపడిన ఆకును ఏ మందును తిరిగి పచ్చగా చేయదు. పడని ఆకును కాపాడుటయే దాని పని.

ఏ మందైనను విషమేనని మరువకుడు. చేతికి తొడుగు, ముక్కునకు గుడ్డ ఉండవలెను. వంటింటి గిన్నెలు వాడరాదు. పిల్లలకు అందని చోట పెట్టవలెను. కొట్టిన పిమ్మట ఎన్నిదినములు కాయ కోయరాదో పొట్లముపై వ్రాసియుండును; చదువురాని పొరుగువారికి మన చందాదారులు చదివి చెప్పుట గ్రంథాలయ సేవయే.

ఇచ్చట ఒక మాట బరువుగా చెప్పవలసియున్నది. 1997-98లో మన వరంగల్లు జిల్లాలో పత్తికి పురుగు పట్టి, మందు మీద మందు కొట్టినను చావక, పంటయు పోయి అప్పులు పెరిగి, ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దుఃఖమునకు కారణములు పెక్కు. వాన, ధర, వడ్డీ, విత్తనము అన్నియు కలవు. నేను దానిని పెరటి మడితో సరిపోల్చుట లేదు. కాని లెక్కలు వ్రాయువాడనగుటచే, పద్దులలో మందుల బాకీ మందులకే ఎట్లు పెరుగునో కన్నులార చూచితిని. తెగులేదో తెలియక కొన్న మందు తెగులును చంపదు, కొన్నవానిని క్రుంగదీయును. 14 మొక్కల మడిలో ఈ పాఠము నేర్చుకొనుట చవక. ఎకరాల పొలములో నేర్చుకొనుట మిక్కిలి ఖరీదు. పెరటిలో కింది ఆకును చూచుట అలవడిన బిడ్డ, రేపు పొలములో దుకాణమునకు పోవుటకు ముందు ఆకును చూచును. నా ఆశ అది.

వచ్చు పంటకు చేయవలసినవి క్లుప్తముగా చెప్పెదను. టమాటా తీసిన చోట మరల టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేయక, రెండు మూడేండ్లు చిక్కుడు, బెండ, ఆకుకూరలు మార్చి వేయుడు. మడి దరిని కామంచి మొక్కలున్న పెరికివేయుడు. అదియు అదే కుటుంబము. తెగులు లేని మొక్కనుండియే విత్తనము తీయుడు. బెంగుళూరునందలి భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థవారు రూపొందించిన అర్క రక్షక్ అను సంకరరకము ఆకుముడతకును, బాక్టీరియా వడలు తెగులునకును, ఆకుమాడునకును తట్టుకొనును. సందేహము కలిగినచో ఆకును కాగితములో చుట్టి రైతువేదికకో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రమునకో, వరంగల్లునందలి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునకో కొనిపొండు. ఆకు లేక అడిగిన ప్రశ్నకు ఎవరును సరియైన ఉత్తరము చెప్పజాలరు.

ఆ మరుసటి ఏడు మా పెరటిలో వేరొక మూలను మరల 14 మొక్కలు నాటితిమి. ప్రతి ఆదివారము ఉదయము నేను వంగి కింది ఆకులు చూచితిని. మచ్చలు రాలేదనను, వచ్చినవి. ఆకులు తీసితిని, గడ్డి పరచితిని, ముసురు దినములలో రెండు మార్లు బోర్డో మిశ్రమము కొట్టితిని. మూడు మొక్కలు పోయినవి; 11 కాచినవి. మొదటి బుట్టను ఇల్లాలు ఆ వృద్ధురాలి యింటికి పంపినది.

తుదకు ఒక మనవి. ఈ గ్రంథాలయమున వార్తాపత్రికల బల్లపై ఒక నోటుపుస్తకము ఉంచుదము. ఎవరి పెరటిలోనైనను, పొలములోనైనను తొలి మచ్చ కనబడిననాడు తేదీ, మొక్క పేరు, మచ్చ పోలిక, చేసిన చికిత్స, కలిగిన ఫలితము అందు వ్రాయవలెను. వ్రాయనేరనివారు చెప్పిన, నేను వ్రాసెదను. అది నా వృత్తియే. కొన్ని ఏండ్లు గడచిన పిమ్మట మన ఊరి నేలకు, మన ఊరి వానకు తగిన శాస్త్రము మన చేతివ్రాతలోనే సిద్ధమగును. స్వర్ణోత్సవము నాటికి ఈ బీరువాలో ఆ చిట్టా కూడ ఒక గ్రంథమై నిలుచునుగాక.